నాలుక ఎత్తి చూస్తే మెదడు కబురు

శ్రోతలకు నమస్కారం.

బిడ్డను చేతికివ్వగానే ఎవరైనా ముందు లెక్కపెట్టేది వేళ్లే. ఆరోది కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఉన్నది ఆ వేలొక్కటే అయి, మిగతా అంతా మామూలుగా ఉంటే, చాలామంది పిల్లల్లో అది వేలితోనే ఆగిపోయే సంగతి. నేను చెప్పబోయేది వేలితో పాటు నోరు కూడా తేడాగా ఉన్న పిల్లల గురించి.

నాలుక ఎత్తితే కింద నడుమ సన్నటి పొర ఒకటి కనబడుతుంది కదా. ఈ పిల్లల్లో అలాంటివి చాలా ఉంటాయి, తాళ్లలా మందంగా, చిగుళ్లకు అంటుకుని. నాలుక పాయలుగా చీలి ఉంటుంది, దాని మీద చిన్న బొడిపెలు. పై పెదవి నడుమ గంటు. వేళ్లు పొట్టిగానో, వంకరగానో, అతుక్కునో ఉంటాయి. ఫ్రాన్స్‌లో 1954లో పాపియోన్-లేయాజ్, ప్సోమ్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరించారు. పేరు ఓరల్-ఫేషియల్-డిజిటల్ సిండ్రోమ్, పొట్టిగా ఓఎఫ్‌డీ.

ఇందులో చాలా రకాలున్నాయి. మొదటి రకంలో సగం మందికి అటూ ఇటూగా మెదడులోనూ తేడాలుంటాయి. కుడి ఎడమ భాగాలను కలిపే నరాల వంతెన, కార్పస్ కలోసం, ఏర్పడకపోవచ్చు. నీటి తిత్తులు ఉండొచ్చు. ఆరో రకంలో చిన్నమెదడు నడిమి భాగం సరిగా పెరగదు. అప్పుడు ఎంఆర్‌ఐ అడ్డకోతలో మెదడు కాండం అచ్చం రెండు వేర్ల దవడ పన్నులా కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని 'మోలార్ టూత్ గుర్తు' అనే అంటారు. అయితే స్కాన్ చూసి బిడ్డ జాతకం చెప్పేయకూడదు. మొదటి రకంలో తెలివితేటల లోపం ఉన్నా చాలావరకు స్వల్పమే.

నాలుకకూ వేలికీ మెదడుకూ ఏమిటి చుట్టరికం? మన కణాల్లో చాలావాటి మీద ఒంటరి వెంట్రుకలాంటిది ఒకటి పొడుచుకుని ఉంటుంది. దాని పేరు సీలియం. కణానికి అదే యాంటెన్నా. వేళ్లు ఎన్ని రావాలో, ముఖం నడుమ ఎలా కలవాలో, చిన్నమెదడు ఎంత పెరగాలో చెప్పే 'హెడ్జ్‌హాగ్' సంకేతం దీని మీదుగానే అందుతుంది. మొదటి రకానికి కారణమైన జన్యువు 2001లో దొరికింది. అది తయారుచేసే ప్రొటీన్ ఉండేది ఈ యాంటెన్నా అడుగు భాగంలోనే.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లలకు రెండో ఎక్స్ కొంత కాపు కాస్తుంది. మగ పిండాలు దాదాపుగా గర్భంలోనే పోతాయి. అందుకే కనిపించేది ఎక్కువగా ఆడపిల్లల్లో. చాలాసార్లు జన్యుమార్పు బిడ్డలోనే కొత్తగా వస్తుంది. గ్రహణమొర్రి అన్న మాటలో గ్రహణం ఉందని ఆకాశాన్నీ, దాంతో పాటు తల్లినీ తప్పుపట్టే పని లేదు.

పెదవి కుట్టి, వేళ్లు సరిచేశాక ఫైలు మూసేస్తుంటారు. నాకు నచ్చని పని అదే. కిడ్నీ గొట్టాల్లోనూ ఇవే యాంటెన్నాలు. అక్కడ తిత్తులు చాలామందికి పెద్దయ్యాకే బయటపడతాయి. బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఏటా చూపించుకోవాలి, అప్పుడప్పుడు కిడ్నీల స్కాన్ కూడా.