సెగ్గడ్డ మొండికేస్తే: మాత్ర మార్చాలా, చీము పరీక్ష చేయించాలా?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: సెగ్గడ్డ లేస్తుంది, మాత్రలు మింగుతాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తుంది. ఎందుకు మేడమ్?

చర్మవైద్యురాలు: లోపల చీము నిలిచి ఉంటే యాంటీబయాటిక్ అక్కడికి సరిగా చేరదు. కోత పెట్టి చీము తీసెయ్యాలి. చిన్న గడ్డలు చాలావరకు దాంతోనే మానిపోతాయి. కోతకి భయపడి జనం మాత్రలు మారుస్తూ కూర్చుంటారు.

మైక్రోబయాలజిస్టు: ఆ చీము పారేయకుండా ల్యాబ్‌కి పంపండి, మాకు అదే బంగారం. క్రిమిని ప్లేటు మీద పెంచి, మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌లకి లొంగని స్టెఫిలోకాకస్ క్రిమి) అని తేలితే సెఫలెక్సిన్, అమాక్సిక్లావ్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌లు దండగ. మెథిసిలిన్ 1959లో వచ్చింది, 1961కే దానికి లొంగని క్రిమి గురించి బ్రిటన్‌లో రాశారు!

ఫార్మసిస్టు: చీటీ లేకుండా మాత్రలు ఇచ్చేస్తామని మమ్మల్నీ అనకండి. డాక్టరు చీటీ అడిగితే పక్క షాపుకి పోతారు.

యాంకర్: చీటీ లేకుండా ఇచ్చే షాపు పక్కనే ఉందన్నమాట. సరే, పలాస నుంచి ఫోన్.

ప్రేక్షకుడు: నమస్కారమండి. మా ఆవిడ జీడిపప్పు పనికెళ్తుంది. జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడి, తోలు లేచి, ఇప్పుడు చీము పట్టింది. క్రీము రాస్తే దురద ఆగింది గానీ వాపు పెరిగిందండి.

చర్మవైద్యురాలు: ట్యూబు మీద ఏం రాసుంది?

ప్రేక్షకుడు: క్లో... క్లోబెటసాల్ అండి.

చర్మవైద్యురాలు: ఆపేయండి, అది స్టెరాయిడ్. పైకి మంట తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఆమెకి కిడ్నీ ఇబ్బంది ఏమన్నా ఉందా?

ప్రేక్షకుడు: రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువన్నారు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానమే కదండీ.

చర్మవైద్యురాలు: అయితే డాక్టరుకి మొదట చెప్పాల్సింది అదే. ఎంఆర్‌ఎస్‌ఏకి వాడే మందుల్లో వాంకోమైసిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. డోసు సర్ది, రక్తంలో మందు ఎంతుందో చూస్తూ ఇవ్వాలి. కోట్రైమోక్సజోల్‌తో పొటాషియం పెరగొచ్చు. డాక్సీసైక్లిన్‌తో ఆ టెన్షన్ తక్కువ, కానీ చీము పరీక్ష రిపోర్టులో అది పనిచేస్తుందని రావాలి. నొప్పికని డైక్లోఫెనాక్ మాత్రం అస్సలు వద్దు.

ప్రేక్షకుడు: రేపు పనికెళ్లొచ్చా మేడమ్?

చర్మవైద్యురాలు: వద్దండి. పుండు మానేదాకా కట్టు ఉంచండి, తువ్వాలు వేరుగా పెట్టండి. జ్వరం వచ్చినా, ఎరుపు చేతి పైకి పాకినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.