ఉప్పుకి నూనె కాదు, నీళ్ళు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలోని ఎన్‌సీసీ పిల్లలకి, వెనక నిలబడ్డ మా బ్యాంకు గన్‌మెన్ తమ్ముళ్ళకి నమస్కారం. ఫ్లాగ్ డే కదా, త్యాగం గురించి మాట్లాడమన్నారు. నాకంటే ముందు నలుగురు మాట్లాడారు, బాగా మాట్లాడారు. నేను ఆర్మరర్‌గా, అంటే సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడిగా రిటైరైనవాణ్ణి. తుపాకీ గొట్టం తప్ప నాకింకేదీ సరిగ్గా రాదు. దాని గురించే చెప్తాను.

మొన్న హ్యూస్టన్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి పాత మిలిటరీ రైఫిళ్ళ పిచ్చి. మన దగ్గర పాత బ్రిటిష్ రైఫిల్ .303 ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు లైసెన్సు మీద రాదు. అమెరికాలో వాళ్ళకి రష్యా మోసిన్ నాగాంట్ రైఫిల్ కూడా షాపులో దొరుకుతుంది. "మామా, ఆదివారం నలభై రౌండ్లు కాల్చి, నూనె దండిగా పట్టించి బీరువాలో పెట్టా. ఇప్పుడు చూస్తే గొట్టం లోపలంతా ఎర్రగా ఉంది, ఏంది ఇది?" అన్నాడు. తూటాలు ఎక్కడివిరా అంటే, సోవియట్ సైన్యం వాడగా మిగిలిన పాత సరుకంట, చవకంట. "నీళ్ళు పోశావా?" అన్నా. "తుపాకీలో నీళ్ళేంది మామా!" అన్నాడు.

సరిగ్గా ఈ మాటే 1974లో నాకు శిక్ష వేయించింది. ఆ కథకి వస్తా, ఆగండి.

తూటా అడుగున చిన్న క్యాప్ ఉంటుంది. పిన్ను తగిలితే ముందు అంటుకునేది అదే. పాత మిలిటరీ క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ వేసేవాళ్ళు, ఏళ్ళ తరబడి గోదాములో పడున్నా పేలుతుందని. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది. అంటే మన వంటింటి ఉప్పుకి తోబుట్టువు. గొట్టానికి అంటుకుని గాలిలో తేమ పీలుస్తుంది. ఇక తుప్పే.

ఉప్పు సంగతి ఈ జిల్లాకి నేను చెప్పాలా? 1930లో ప్రకాశం పంతులుగారి దేవరంపాడు శిబిరం ఇక్కడిదే. మా నాయన కనపర్తి ఉప్పు కొఠార్లలో పనిచేశాడు. సాయంత్రం పార కడిగి, ఎండలో పెట్టి, ఆ తర్వాతే ఆముదం రాసేవాడు. నేను కడక్కుండా రాశానంటే చెంప పగిలేది. నూనె గిన్నెలో ఉప్పురాయి వేసి చూడండి, తెల్లారినా అట్లాగే ఉంటుంది.

ఇట్లాంటి ఉప్పు తూటాని ఎట్లా గుర్తుపట్టాలి? ఖోకా, అంటే తూటా ఇత్తడి తొడుగు, దాని అడుగున గుద్దిన అక్షరాలు చదవాలి. కెఎఫ్ అంటే పుణె దగ్గరి మన కిర్కీ తూటాల ఫ్యాక్టరీ. కిర్కీ పాత .303 అయితే ఉప్పుదే అనుకోండి. అమెరికా మిలిటరీ .30-06 రైఫిల్ తూటా కూడా 1950ల మొదటి దాకా దాదాపు అంతా ఈ బాపతే. వాళ్ళ పొట్టి రైఫిల్ .30 కార్బైన్ తూటాకి మాత్రం మొదటినుంచీ ఉప్పులేని క్యాపే. డబ్బా మీద 'నాన్ కొరోసివ్', అంటే తుప్పు పట్టించదు అనే కాగితాన్ని నేను నమ్మను, అమ్మేవాడు అతికించిందే కదా. అనుమానముంటే ఆర్మరర్ బుల్లెట్టూ మందూ తీసేసి, ఉత్త క్యాపుని రేంజిలో మెరిసే ఇనుప రేకు మీదికి పేలుస్తాడు. దాన్నీ, పొగ తగలని ఇంకో రేకునీ తేమలో రెండ్రోజులు పెడితే తేడా తెలుస్తుంది. పిల్లలూ, ఆర్మరర్ అన్నాను, మీరు కాదు.

నెర్రెలిచ్చిన ఖోకా, చిలుము పట్టినది, బుల్లెట్ వదులైనది కాల్చొద్దు. నొక్కినా పేలకపోతే గొట్టం వెనక మూత, అదే బోల్ట్, వెంటనే తీయొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. నేనైతే నిమిషం ఆగుతా.

ఇక 1974. సముద్రం పక్కన క్యాంపు, ముప్ఫై .303 రైఫిళ్ళు. కాల్పులు అయిన సాయంత్రమే బోల్ట్ తీసి, గరాటు పెట్టి, వెనక వైపు నుంచి మరిగే నీళ్ళు పోయడం మొదలుపెట్టా. ఒక్కోదానికి మూడు లీటర్లు. ఆ వేడికి గొట్టం తానే ఆరుతుంది. తర్వాత గొట్టం తుడిచే తాడు, అదే పుల్ త్రూ, దానికి పొడి చిందీ (గుడ్డపీలిక), చివర నూనె చిందీ. బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న పద్ధతే, నా సొంత తెలివి కాదు. పన్నెండు అయ్యాయి. స్టోర్స్ చూసే పెద్దాయన వచ్చి, "సర్కారు ఇనుముకి నీళ్ళు పోస్తావా?" అని గరాటు లాక్కున్నాడు. మిగతా పద్దెనిమిదికీ నూనె కొట్టించాడు. నాకు ఏడు రోజులు ఎక్స్‌ట్రా డ్యూటీ.

వారం తర్వాత ఇన్‌స్పెక్షన్. పన్నెండు అద్దంలా ఉన్నాయి. పద్దెనిమిది ఎర్రబడ్డాయి. మళ్ళీ చెప్తున్నా, పద్దెనిమిది! అవి కూడా నా పేరు మీదే రాశారు, ఆర్మరర్‌ని నేనే కదా అని. మీరే చెప్పండయ్యా, ఇదేం న్యాయం?

అమ్మోనియా నీళ్ళు వాడమని కొందరంటారు. ఉప్పుని కడిగేది అందులోని నీళ్ళే, అమ్మోనియా కాదు. బోల్ట్ మొహం మర్చిపోవద్దు, గ్యాస్‌తో పనిచేసే రైఫిలైతే పిస్టనూ ట్యూబూ కూడా కడగాలి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, టైమ్ అయిందంట. త్యాగం సంగతి చెప్పనే లేదు. ఈ సంచిలో గరాటు, పాత ఇనప గొట్టం తెచ్చా. బయట టీ మరుగుతున్న ఆ పెద్ద గిన్నె ఎవరిదోగానీ, ఖాళీ అయ్యాక కడిగి, దాన్నిండా నీళ్ళు కాచిపెట్టమ్మా. పిల్లలకి చూపిస్తాను.