నాపరాయి మీద పండిన ద్రాక్ష

సభకు నమస్కారం.

వైన్ గురించి మాట్లాడతానని చెప్పగానే నిర్వాహకులకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. "సార్, సీసాలేమీ తేవడం లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. తేలేదు. ఆ సంచిలో ఉన్నవి చీనీకాయలు, వాటి సంగతి తర్వాత. తాగండని చెప్పడానికీ రాలేదు. తాగుడు ఇళ్లను ఏం చేస్తుందో కడప జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. నేను చెప్పబోయేది ఒక మనిషి గురించి, అతను రెండేళ్లు వెతుక్కున్న రాయి గురించి. ఆ రాయి మీకు బాగా తెలుసు. మీ వంటింటి గట్టు అదే.

చాలా ఏళ్లు పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పాను. నర్జి ఊరి పేరుతో ఒక సున్నపురాయి పొర ఉందని, మనం కడప బండ, నాపరాయి అనేది దాన్నేనని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి. ఆ రాయి దేనికి పనికొస్తుందని అడిగితే "ఇంట్లో పరుస్తారు సార్, సిమెంటు చేస్తారు" అనేవాళ్లు. మార్కులు వేసేవాణ్ణి. మూడో జవాబు ఒకటుందని రిటైరయ్యాక గానీ నాకు తెలియలేదు.

జోష్ జెన్సెన్ అని కాలిఫోర్నియా మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగించుకుని, 1970లో ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో, రొమానీ కాంతీ అనే పేరుమోసిన తోటలో ద్రాక్ష కోతకు చేరాడు. అక్కడి ద్రాక్ష పినో న్వార్. తోలు పలుచన, ఎండ ముదిరితే మాడుతుంది, వాన పడితే కుళ్లుతుంది. దానికి సున్నపు నేల కావాలని అక్కడివాళ్ల నమ్మకం. ఆ మాట ఇతని తలలో నాటుకుపోయింది. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో తోట వేసేవాళ్లు ఎండావానా చూసుకునేవాళ్లే గానీ, కింద ఏ రాయి ఉందో పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. జెన్సెన్ గనుల శాఖ మ్యాపులు ముందేసుకుని కొండలు పట్టుకు తిరిగాడు. చివరికి హోలిస్టర్ దగ్గర గావిలాన్ కొండల్లో పాడుబడ్డ సున్నపు బట్టీ ఒకటి దొరికింది. బట్టీ ఉందంటే చుట్టుపక్కల రాయి ఉన్నట్టే కదా. 1974లో ఆ భూమి కొన్నాడు. ఎత్తు సుమారు 2,200 అడుగులు, అంటే మన హార్స్‌లీ కొండలో సగం.

స్పానిష్‌లో సున్నపు బట్టీని కలేరా అంటారు. వైనరీకి అదే పేరు పెట్టాడు, సీసా మీద బొమ్మ కూడా ఆ బట్టీదే. మా ఆవిడ ఆ పేరు వినగానే "కలరానా!" అంది.

1975లో 24 ఎకరాల్లో మూడు తోటలు వేశాడు. ఒకటి జెన్సెన్, వాళ్ల నాన్న పేరు. ఒకటి రీడ్. మూడోది సెలెక్, తనకు వైన్ రుచి నేర్పిన కుటుంబ మిత్రుడి పేరు. ఆయన పళ్ల డాక్టరు. ద్రాక్ష ఒకటే, చేసే చెయ్యి ఒకటే. అయినా మూడు తోటల పంటను కలపకుండా మూడు వైన్‌లుగా, మూడు పేర్లతో అమ్మాడు. వ్యాపారం తెలిసినవాడు అన్నీ కలిపి ఒకే సీసాలో పోస్తాడు. మన ఊళ్లలో మాత్రం ఇది వింతేం కాదు. బావి చేను, సుద్ద చేను, మిట్ట చేను అని మనకూ ప్రతి చేనుకూ పేరుంది. ఏ చేని శనగ ఎలా ఉంటుందో మా నాయన నోట్లో వేసుకుని చెప్పేవాడు. ఇప్పుడన్నీ ఒకే లారీలోకి పోతున్నాయి.

అతను కొన్న ఈస్టు వాడలేదు. దోసెపిండి ఎలా పులుస్తుంది? గాలిలో, గింజ మీద ఉన్నదానితోనే కదా. అదే పద్ధతి. గుత్తులను తొడిమలతో సహా తొట్టిలో వేసేవాడు. వైనరీ కూడా పాత కంకర క్రషర్ ఉన్న వాలులోనే, మెట్లు మెట్లుగా కట్టుకున్నాడు. పైన ద్రాక్ష పోస్తే కిందికి వచ్చేసరికి వైన్. పంపు పెట్టి తోడే బాధ లేదు.

ఇక్కడ పాత మేష్టారుగా ఒక మాట. రాయి రుచి వేళ్లలోంచి ఎక్కి గ్లాసులోకి వస్తుందని వైన్ ప్రియులు మురిసిపోతారు. అది నిజం కాదు, సున్నపురాయి అలా నాలుకకు తగలదు. రాయి చేసే పని వేరు. దాని పగుళ్లలో నీళ్లు నిలవవు, అలాగని పూర్తిగా ఎండిపోవూ. తీగ కొంచెం ఆకలితో పెరుగుతుంది, కాపు తగ్గుతుంది, ఉన్న కాయకు సారం పడుతుంది. సున్నపు నేల కష్టం చీనీ రైతులకు తెలుసు. ఈనెలు పచ్చగానే ఉంటాయి, మధ్యలో ఆకు పాలిపోతుంది. నేలలో ఇనుము ఉన్నా సున్నం వేరుకు అందనివ్వదు. అందుకే ఇనుము ఉండే అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతారు. కష్టపెట్టే ఆ నేల కోసమే జెన్సెన్ వెతుక్కుంటూ వెళ్లాడు.

మా అమ్మాయి సాన్ హోసేలో ఉంటుంది. హోలిస్టర్ అక్కడికి గంట దూరం. ఆ దారిలోనే ఇంకో పాత వైనరీ శాన్ ఆండ్రియాస్ భ్రంశం మీద, అంటే రెండు వైపుల నేలా మెల్లగా జరిగే పెద్ద పగులు మీద కూర్చుని ఏటా సుమారు ఒక సెంటీమీటరు చొప్పున చీలుతోంది. నేను వైన్ మాట మరచి ఆ గోడల కోసం మెడ తిప్పుతుంటే అల్లుడు నవ్వాడు. ఆ రాత్రి ఇంట్లో సెలెక్ సీసా తెరిచారు. ధర చెబితే మీరు వినడం మానేస్తారు. నేను చేసిన తప్పేమిటంటే ఉగ్గానీ, మిరపకాయ బజ్జీతో తాగడం. కారం మీద వైన్ పడితే నోరంతా మంటే, ఇంకేం తెలుస్తుంది? "ఇంతేనా?" అన్నాను. మర్నాడు మిగిలింది ఉత్త వేరుశనక్కాయలతో తాగాను. రంగు నేరేడుపళ్లు కడిగిన నీళ్లంత పలుచన. మొదట రేగుపండు పులుపు, వెనకాల వక్క ఒగరు. గ్లాసు ఖాళీ అయ్యాక ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన. రెండు వారాల తర్వాత జెన్సెన్ తోటది తాగాను. అందులో ఒగరు ముందొచ్చింది, పులుపు ఆలస్యంగా వచ్చింది. తేడా ఇంతే, కానీ ఉంది.

2017లో జెన్సెన్ కలేరాను పెద్ద కంపెనీకి అమ్మేశాడు. 2022లో 78 ఏళ్లకు పోయాడు.

కడపలో పినో న్వార్ వేద్దామా అని మాత్రం అడక్కండి. మన మే నెల దానికి సరిపడదు. అందుకే చీనీలు తెచ్చాను. మూడు తోటలవి, మూడు గిన్నెల్లో పెడుతున్నాను. ఒకటి ఎర్రనేలది, ఒకటి నల్లరేగడిది, ఒకటి నాపరాళ్ల మీది సుద్దనేలది. ఏ గిన్నె ఏదో నా జేబులో చీటీ మీద రాసుంది. ఒక్కో తొన రండి, తినండి. పక్కవాళ్లు ఏమన్నారో వినకుండా చెప్పండి.