ఏ తిథికి ఏ బిలం: చంద్రుణ్ని చూడటం, ఫొటో తీయడం

అందరికీ నమస్కారం.

కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లు చాలామంది పౌర్ణమి కోసం ఎదురుచూస్తారు. తీరా ఆ రాత్రి ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) కళ్లు చెదిరే తెల్లటి పళ్లెం తప్ప గుంతా మిట్టా ఏదీ కనబడదు. పౌర్ణమి నాడు సూర్యుడు మన వీపు వెనకనుంచి వెలుగు వేస్తాడు కాబట్టి చంద్రుడి మీద మనకు నీడలు కనిపించవు. ఎత్తుపల్లాలు మనకు తెలిసేదే నీడల వల్ల. టైకో అనే బిలం (పెద్ద గుండ్రటి గుంత) నుంచి నలువైపులా చిమ్మినట్టున్న తెల్లచారలు చూడటానికి మాత్రం పౌర్ణమే మంచిది. మిగతా అన్నిటికీ వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరకు వెళ్లాలి. అక్కడ సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు. సూర్యుడు రెండు డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 300 మీటర్ల గట్టు ఎనిమిది కిలోమీటర్లకు పైగా నీడ పరుస్తుంది.

ఆ గీత ఏ రాత్రి ఎక్కడుంటుందో చెప్పడానికి ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. శుద్ధ అష్టమి నడుమ ఆ కోణం 90 డిగ్రీలు, గీత బింబానికి సరిగ్గా మధ్యన. మీరు చూడాలనుకున్న బిలం రేఖాంశం తూర్పైతే 90 లోంచి తీసేయండి, పడమరైతే 90కి కలపండి, వచ్చినదాన్ని 12తో భాగించండి. థియోఫిలస్ బిలం 26 డిగ్రీల తూర్పున ఉంది. 64ని 12తో భాగిస్తే 5.3, అంటే అయిదు తిథులు పూర్తయి షష్ఠి నడుస్తుండగా అక్కడ తెల్లవారుతుంది. కోపర్నికస్ బిలం 20 డిగ్రీల పడమర. 110ని భాగిస్తే 9.2, అంటే దశమి.

ఇందులో రెండు చోట్ల తప్పు జరుగుతుంది. క్యాలెండర్ గడిలో ఉండేది సూర్యోదయానికి ఉన్న తిథి. రాత్రి ఎనిమిదింటికి తర్వాతి తిథి వచ్చేసి ఉండొచ్చు, కాబట్టి అది ఎన్ని గంటల వరకు ఉందో చూడాలి. రెండోది, చంద్రుడు మనవైపు అటూ ఇటూ దాదాపు ఎనిమిది డిగ్రీల దాకా ఊగుతాడు. దానివల్ల లెక్క అర తిథికి పైగా తేడా రావచ్చు. ముందు రాత్రీ తర్వాతి రాత్రీ కూడా చూసుకోండి. చంద్రుడి పటంలో తూర్పు అంచు మన ఆకాశంలో పడమటి వైపు ఉంటుందన్న సంగతి కూడా మరవకూడదు.

శుద్ధ నవమి రాత్రిని మాత్రం వదులుకోవద్దు. దక్షిణార్ధంలో రూపెస్ రెక్టా అనే 110 కి.మీ. పొడవైన గట్టు సన్నటి నల్లగీతలా కనిపిస్తుంది. నేల చీలి (చంద్రుడి పటం దిక్కుల ప్రకారం) పడమటి భాగం కిందికి జారడంతో ఏర్పడిన గట్టు ఇది. సూర్యుడు తూర్పున ఉన్నాడు కాబట్టి నీడ పడమటికి పడుతుంది. రెండు వారాలు ఆగి బహుళ అష్టమి నాడు అర్ధరాత్రి దాటాక మళ్లీ చూడండి. వెలుగు ఇప్పుడు పడమటినుంచి వస్తుంది, అదే గీత తెల్లగా మెరుస్తుంది. నీడంటే ఏమిటో, వెలుగు దిశంటే ఏమిటో ఇంతకన్నా బాగా నేర్పే చోటు చంద్రుడి మీద మరొకటి లేదని నా అభిప్రాయం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది శుద్ధ సప్తమి నాడు. ఆ చోట అప్పుడప్పుడే తెల్లవారింది కాబట్టి సౌరఫలకాలకు దాదాపు రెండు వారాల ఎండ దొరికింది. ల్యాండర్ మన టెలిస్కోపుల్లో కనబడదు. దానికి దగ్గర్లోని 98 కి.మీ. మాంజినస్ బిలం మాత్రం దక్షిణపు అంచు దగ్గర, నొక్కేసిన గిన్నెలా కనిపిస్తుంది.

ఎంత చిన్నది కనిపిస్తుంది? 116ని మీ అద్దం వ్యాసంతో, మిల్లీమీటర్లలో, భాగించండి. 150 మి.మీ. అద్దానికి 0.77 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు), చంద్రుడి మీద సుమారు 1.4 కి.మీ. పొడవాటి నల్లటి చీలికలు అంతకన్నా సన్నగా ఉన్నా తెలుస్తాయి. టెలిస్కోప్‌కు 1,200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి దూరం) ఉంటే 25 మి.మీ. ఐపీస్ 48 రెట్లు, 6 మి.మీ. ఐపీస్ 200 రెట్లు పెద్దది చేస్తుంది. మన ఊళ్లలో చాలా రాత్రులు 200 దాటితే మసకే.

ఆ మసకకు సగం కారణం మన డాబాలే. పగలంతా ఎండకు కాలిన కాంక్రీటు రాత్రి పది దాకా వేడి కక్కుతుంది, బింబం సెలయేటి అడుగున ఉన్నట్టు వణుకుతుంది. మట్టి నేల మీదో గడ్డి మీదో పెట్టండి. పక్కింటి కప్పు మీదుగా, ఏసీ యంత్రం మీదుగా చూడకండి. అద్దం చల్లబడటానికి అరగంట నుంచి ముప్పావుగంట ఇవ్వండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఏసీ గదినుంచి తెచ్చిన వెంటనే మూత తీస్తే అద్దం మీద నీరు కమ్ముతుంది. గొట్టం బయటి వేడికి సమానమయ్యాకే తీయాలి. కమ్మిన నీటిని గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి, దానంతట అదే ఆరనివ్వండి.

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో శుద్ధ అష్టమి చంద్రుడు సాయంత్రం మనకు దాదాపు నడినెత్తికి వస్తాడు. అడ్డొచ్చే గాలి తక్కువ కాబట్టి ఏడాదిలో అవే మేలైన సాయంత్రాలు. నడినెత్తిన డాబ్సోనియన్‌ను (నేల మీద పెట్టెలాంటి పీఠంపై తిరిగే టెలిస్కోప్‌ను) తిప్పడం కష్టం, ఒక గంట ఆగితే పడమటికి వాలతాడు.

ఇక ఫొటో. ఫోన్‌తో అయితే ఐపీస్‌కు బిగించే క్లిప్ కొనండి. బింబం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు బాగా తగ్గించి, మూడు సెకండ్ల టైమర్ పెట్టండి. డీఎస్‌ఎల్‌ఆర్‌ను నేరుగా తగిలిస్తే బింబం సైజు ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు, 1,200 మి.మీ.కి 11 మి.మీ., ఏపీఎస్-సీ సెన్సర్‌లో (చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే సైజు) ఇముడుతుంది. పౌర్ణమికి ఎఫ్/11 (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య), ఐఎస్ఓ 100 (సెన్సర్ సున్నితత్వం), సెకనులో 100వ వంతు. అష్టమికి దానికి నాలుగైదు రెట్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టండి. ట్రాకింగ్ (చంద్రుడి వెంట టెలిస్కోప్‌ను తిప్పే మోటారు) లేకపోతే చంద్రుడు సెకనుకు సుమారు 14.5 ఆర్క్‌సెకండ్లు జారిపోతాడు, కాబట్టి ఎక్స్‌పోజర్ సెకనులో 60వ వంతు కన్నా ఎక్కువ వద్దు, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి.

బిలాల లోపలి వివరాలు కావాలంటే వీడియో తీయాల్సిందే. గాలి వణుకులో మధ్యమధ్య క్షణకాలం బింబం నిలుస్తుంది. వేల ఫ్రేముల్లో ఆ క్షణాలనే ఏరుకుంటాం. కెమెరా పిక్సెల్ 2.9 మైక్రాన్లైతే దాన్ని 5తో గుణించండి, ఎఫ్/15 దగ్గర పనిచేయాలి. ఎఫ్/8 గొట్టానికి 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసే కటకం) సరిపోతుంది. ఎక్స్‌పోజర్ 5 నుంచి 10 మిల్లీసెకండ్లు, హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుగు ఎంతుందో చూపే పటం) 70 శాతం దాటకుండా, నిమిషంన్నరలో 2,000 ఫ్రేములు. ఎర్ర ఫిల్టర్ వేస్తే వణుకు తగ్గుతుంది. ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మేలైన 10, 15 శాతం ఫ్రేములను కలిపి, రిజిస్టాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్లతో (వివరాలను పదునుపెట్టే మీటలు) పదును పెట్టండి. బిలం అంచుల పక్కన జంటగీతలు మొలిస్తే పదును ఎక్కువైనట్టు. చంద్రుడి మీద అవి లేవు, వెనక్కి తగ్గించండి.

పేర్లు రాసేముందు దిక్కులు సరిచూసుకోవాలి. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) బింబం తలకిందులవుతుంది, 180 డిగ్రీలు తిప్పితే చాలు. డయాగనల్ అద్దం (చూపును పక్కకు మళ్లించే అద్దం) పెట్టిన రిఫ్రాక్టర్‌లో (కటకంతో పనిచేసే టెలిస్కోప్‌లో) కుడి ఎడమలు మారతాయి, ఎంత తిప్పినా పటంతో కలవదు. దాన్ని అద్దంలోలా అటుదిటు మార్చాకే పటం పక్కన పెట్టండి.