ఏసీ గదిలో ఎంగిలి గాలి

[దృశ్యం: చిన్న సమావేశ గది. తలుపు మూసి ఉంది. బల్ల చుట్టూ ఎనిమిది మంది. ఒకరు రిమోట్ అందుకుని 24ను 20 చేస్తారు.]

ఈ పని మీరూ చేసే ఉంటారు. మధ్యాహ్నం మూడు గంటల సమావేశం. గదిలో ఏదో బరువు, కళ్లు వాలిపోతుంటాయి. తప్పంతా భోజనం మీదకు నెట్టేస్తాం. లేదంటే ఏసీ సరిగా పనిచేయడం లేదంటాం. ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని నాలుగు డిగ్రీలు తగ్గిస్తారు. కాసేపటికి చలి వేస్తుంది గానీ ఆ బరువు మాత్రం పోదు.

ఎందుకు పోదో తెలియాలంటే గది బయటికి వెళ్లి గోడ చూడాలి.

[దృశ్యం: భవనం వెనుక గోడ, స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్. గోడలోని రంధ్రం దగ్గరికి కెమెరా.]

ఏసీ బిగించినప్పుడు గోడకు రంధ్రం పెట్టారు కదా, బయటి గాలి అందులోంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆ రంధ్రంలో ఉన్నవి రెండు రాగి గొట్టాలు, కరెంటు తీగ, నీళ్లు కారే పైపు. రాగి గొట్టాల్లో తిరిగే గ్యాసు గదిలోని వేడిని మోసుకొచ్చి ఇక్కడ వదిలేస్తుంది. గాలి ఒక్క గుక్కెడు కూడా ఈ గోడ దాటదు. లోపలి యూనిట్ గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ చేసే పని ఇంతే. గాలి చల్లబడుతుంది, మారదు.

[తెరపై: గది బొమ్మ. 4 మీ., 4 మీ., 3 మీ.]

లెక్క వేద్దాం. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఎనిమిది మందికి 144 లీటర్లు. ఈ గదిలో పట్టే గాలి 48 ఘనపు మీటర్లు, అంటే 48 వేల లీటర్లు. పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అని కొలిచే పీపీఎం లెక్కలో చెబితే గంటకు 3,000, నిమిషానికి 50 చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఇది సుమారు 420. గది పూర్తిగా బిగించి ఉంటే 12 నిమిషాల్లో వెయ్యి దాటుతుంది, 40 నిమిషాలకు 2,420 అవుతుంది. తలుపు సందులుంటే కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే తేడా.

ఈ అంకెలు చూసి విషం అని కంగారు పడకండి. గది గాలిలో ఈ అంకె వెయ్యి దాటకూడదని 1858లో గీత గీసింది మ్యూనిక్‌కు చెందిన ఆరోగ్య శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్. ఆయన కూడా ఈ వాయువును నేరస్థుడిగా చూడలేదు, సాక్షిగా చూశాడు. గదిలో మనుషుల ఊపిరి ఎంత పేరుకుందో చెప్పే సాక్షి.

[తెరపై: ఇరవై బుడగలు. ఒకటి రంగు మారుతుంది.]

మనం వదిలే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ నూటికి నాలుగు పాళ్లు, అంటే 40,000 పీపీఎం. మన గదిలో 40 నిమిషాలకు అదనంగా చేరింది 2,000. అంటే ఇరవయ్యో వంతు. మీరు తీసుకునే ప్రతి ఇరవై శ్వాసల్లో ఒకదానికి సరిపడా గాలి అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లో తిరిగి వచ్చింది.

పక్కవారు తాగిన గ్లాసులో నీళ్లు తాగం. సీసా పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటాం. ఎంగిలి విషయంలో ఇంత పట్టింపు ఉన్నవాళ్లం గాలి దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసి మరీ పంచుకుంటున్నాం.

[తెరపై: రెస్టారెంటు నమూనా చిత్రం. మూడు బల్లలు, ఒక ఏసీ.]

ఇలా పంచుకుంటే ఏం జరుగుతుందో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక భోజనశాల చూపించింది. 2020 జనవరి 24, వాళ్ల కొత్త సంవత్సరానికి ముందు రోజు. కిటికీలు లేని భవనం, మూడో అంతస్తు, ఏసీ నడుస్తోంది. పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు. వాటిలో ఒక కుటుంబం వూహాన్ నుంచి వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆ మూడు కుటుంబాల్లో మొత్తం పది మందికి కోవిడ్ నిర్ధారణ అయింది. ఆ అంతస్తులోనే భోజనం చేసిన మిగతా 73 మందికి రాలేదు, వడ్డించినవారికీ రాలేదు. ఆ మూడు బల్లలూ ఒకే ఏసీ గాలి చుట్టూ తిరిగే దారిలో ఉన్నాయి.

పరిశోధకులు తర్వాత ఆ హాలులో గాలి మార్పిడిని కొలిచారు. గోడల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్నాయి, కానీ ఆ పూట ఆపి, మూసేసి ఉన్నాయి. ఒక్కొక్క మనిషికి అందిన బయటి గాలి సెకనుకు సుమారు ఒక లీటరు, అంతకన్నా తక్కువ కూడా. మన ఎనిమిది మంది గదిలో అంకె వెయ్యి దాటకుండా ఉండాలంటే ఒక్కొక్కరికి సెకనుకు పది లీటర్లు కావాలి. అంటే గదిలోని గాలంతా గంటకు ఆరు సార్లు మారాలి.

చిన్న పక్కదారి. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం ప్రతి కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలంది. ఆ కొలతను మన సమావేశ గదికి పెట్టి చూస్తే అందులో కూర్చోదగినవారు ముగ్గురు. ఫ్యాక్టరీ నియమాన్ని ఆఫీసుకు అంటగట్టడం సరికాదనుకోండి, అయినా ఐదు కుర్చీలు తీసేయాలన్న మాట మాత్రం నాకు నచ్చింది.

[దృశ్యం: పాత బడి భవనం. కిటికీల పైన, పైకప్పు దగ్గర చిన్న వెంటిలేటర్లు.]

మన పాత కట్టడాలకు ఈ సంగతి తెలుసు. మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశమే కనిపిస్తుంది. బడుల్లో కిటికీలు ఎదురెదురుగా ఉంటాయి, వాటి పైన వెంటిలేటర్లు ఉంటాయి. వేడెక్కిన గాలి పైకి లేచి అక్కడి నుంచి వెళ్లిపోతుంది. ఇలాంటి గదినే కోచింగ్ సెంటరుగానో ఆఫీసుగానో మార్చేటప్పుడు మొదట జరిగే పని, ఆ వెంటిలేటర్లకు థర్మాకోల్ ముక్కలు అతికించడం. చల్లగాలి బయటికి పోతుందని. పోతుంది, నిజమే. కరెంటు బిల్లు కూడా పెరుగుతుంది. అరవై మంది పిల్లలు మూడు గంటలు కూర్చునే గదిలో ఆ బిల్లు కట్టాల్సిందేనని నా అభిప్రాయం.

మీ గదిలో అలాంటివి ఉంటే ముందు ఆ థర్మాకోల్ తీయించండి. లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో దాని పెట్టె మీద ఉంటుంది. మన గదికి కావలసింది 288. అంతకన్నా పెద్దదే కొనండి, గోడకు బిగించాక పెట్టె మీది అంకె పూర్తిగా రాదు. ఫ్యాన్ ఒక మూల ఉంటే గాలి వచ్చే సందు ఎదుటి మూల ఉండాలి. రెండూ పక్కపక్కన ఉంటే ఆ కిటికీలోంచి వచ్చిన గాలి ఆ ఫ్యాన్‌లోంచే వెళ్లిపోతుంది, మీ దాకా రాదు. గాలి తీసుకునే చోట జనరేటర్ గానీ పార్కింగ్ గానీ ఉండకూడదు.

పెద్ద ఆఫీసుల్లో సెంట్రల్ ఏసీకి బయటి గాలి తీసుకునే ఏర్పాటు ఉంటుంది. దాని తలుపును డ్యాంపర్ అంటారు. బిల్లు తగ్గించడానికి దాన్ని మూసేసే అలవాటు ఉంది. భవన నిర్వహణ సిబ్బందిని ఒకే ప్రశ్న అడగండి: “ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ ఎంత తెరిచి ఉంది?” జవాబు చెప్పడానికి వాళ్లు పైకెక్కి చూడాల్సి వస్తే, అడగడమే మంచిదైంది.

[దృశ్యం: ఎయిర్ ప్యూరిఫయర్, మనీ ప్లాంట్, రూమ్ ఫ్రెషనర్, దోమల చక్రం.]

ఇక వీటి సంగతి. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ దుమ్మును, పొగను, వైరస్‌ను మోసే తుంపర్లను బాగా పడుతుంది. రోడ్డు పక్క ఆఫీసుకు, కిటికీ తెరవలేని గదికి తప్పక ఉపయోగం. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం పట్టదు, కాబట్టి బయటి గాలికి బదులు కాదు. ఓజోన్ వదిలే యంత్రాలు కొనవద్దు, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని. రూమ్ ఫ్రెషనర్ గాలికి ఇంకో రసాయనం కలుపుతుందే గానీ దేన్నీ తీయదు. దోమల చక్రం గురించి 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్కటి కాలిస్తే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానం. కాపలాదారు గదిలో రాత్రంతా వెలిగేది అదే.

మొక్కలు? గాలిలోని రసాయన ఆవిర్లను తీయడంలో కిటికీ చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. ఎక్కువలో ఎక్కువ వెయ్యి. మన 16 చదరపు మీటర్ల గదికి కనీసం 160 కుండీలు. అందం కోసం ఒకటి పెట్టుకోండి.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటర్ కొంటే ఎన్‌డీఐఆర్ సెన్సర్, అంటే పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచేది, ఉన్నదే కొనండి. మరీ చవక రకాలు వాసనలను బట్టి ఊహించి అంకె చూపిస్తాయి. కొన్నాక మేడ మీదికి తీసుకెళ్లండి, అక్కడ 420 దరిదాపుల్లో చూపాలి.

[దృశ్యం: మళ్లీ అదే సమావేశ గది, ఖాళీగా. ఒక చెయ్యి అగరుబత్తి వెలిగిస్తుంది.]

మీటర్ లేకపోయినా ఒక పరీక్ష ఉంది. రోజూ మూసిన గదిలో అగరుబత్తి వద్దనే అంటాను గానీ ఈ ఒక్క పనికి ఒకటి కావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు మూసి, తలుపు కింది సందు దగ్గర పట్టుకోండి. పొగ గది లోపలికి వంగితే బయటి నుంచి గాలి వస్తోంది. నిటారుగా లేచి, ఏసీ దాకా వెళ్లి, తిరిగి మీ మొహం మీదికే వస్తే...

[దృశ్యం: పొగ ఏసీ వరకు వెళ్లి, చుట్టు తిరిగి, ఖాళీ కుర్చీల మీదికి దిగుతుంది.]