రాతి మీద అంకె ఉంది, పేర్లేవి?

హోస్ట్: మాస్టారూ, సైనికుల ఊరనగానే అందరూ తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం పేరే చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి అక్కడి నుంచే 90 మంది వెళ్ళారట కదా. మీరేమో పక్క ఊళ్ళ నుంచి యుద్ధాలకు వెళ్ళి చనిపోయినవాళ్ళ పేర్లు వెతికి రాయి మీద చెక్కించే పనిలో ఉన్నారు. ఆ ఊళ్ళ మీదే ఎందుకు పడ్డారు?

మాస్టారు: మాధవరానికి చెప్పుకునేవాళ్ళున్నారమ్మా. పక్క ఊళ్ళ నుంచి ఇద్దరో ముగ్గురో వెళ్ళి తిరిగి రాలేదు, వాళ్ళనెవరు తలుచుకుంటారు? ఆ యుద్ధం అయ్యాక ఇంగ్లీషువాళ్ళు చాలా ఊళ్ళలో రాతి పలకలు పెట్టించారు. ‘ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు’ అని ఉంటుంది. అంతే. ఒక్క పేరుండదు.

హోస్ట్: పేర్లు తెలియకనా?

మాస్టారు: తెలియకేం! ఇరాక్‌లో బస్రా స్మారకం ఉంది, 40 వేల పైచిలుకు మందిది. తెల్ల సైనికులకు పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు రాసి కింద అంకె వేశారు. ఇలాంటి స్మారకాలనూ సైనికుల సమాధులనూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషనే 2021లో స్వయంగా నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది. వందేళ్ళు పట్టిందనుకోండి.

హోస్ట్: మరి మనవాళ్ళ పేర్లు వెతకడం ఎలా?

మాస్టారు: ఆ కమిషన్ వాళ్ళ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితమే. పేరు, నంబరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ ఉంటాయి. అదృష్టం బాగుంటే తండ్రి పేరు, ఊరు కూడా. కుర్రాళ్ళు పశ్చిమ గోదావరి అని కొట్టి, ఏమీ రాలేదని వదిలేస్తారు. ఆ జిల్లా పుట్టిందే 1925లో! 1914 నాటికి ఈ ఊళ్ళు కృష్ణా జిల్లావి. దాన్నీ మనం రాసినట్టు కాదు, మధ్యలో ‘ట’ ఇరికించి కిస్ట్నా అని రాసేవారు. ఇక ఊరి పేరైతే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా. అందుకే నేను పైకి చదువుకుంటూ వెతుకుతాను.

హోస్ట్: ఇంటిపేరుంటే పని తేలికేమో.

మాస్టారు: అదే ఉండదమ్మా. ఉత్త సుబ్బయ్య అని ఉంటుంది. ఏ సుబ్బయ్య? తండ్రి పేరూ ఊరూ రెండూ కలిస్తేనే నేను ఒప్పుకుంటాను. ఒకటే కలిస్తే పెన్సిల్‌తో రాసి పక్కన పెడతాను. ‘మా తాతే, చెక్కించేయండి’ అని ఒత్తిడి చేసేవాళ్ళుంటారు. రాయి మీద తప్పు పడితే తుడిచేదెవరు?

హోస్ట్: ఇంట్లో చెప్పుకునే కథకీ కాగితానికీ తేడా వస్తే?

మాస్టారు: చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి. ‘సింగపూర్‌లో పోయాడు’ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది 1942 ఫిబ్రవరి 15న. కాగితంలో ఇంకో ఏడాదో రెండేళ్ళో తర్వాతి తేదీ కనబడుతుంది. అక్కడ ఖైదీలుగా చిక్కిన మనవాళ్ళలో కొందరిని జపాన్‌వాళ్ళు న్యూగినీ దాకా తీసుకెళ్ళి చాకిరీ చేయించారు. ఇంటివాళ్ళకు అందిన ఆఖరి కబురు సింగపూర్‌ది, అంతే.

హోస్ట్: ఎలా చనిపోయారో తెలుస్తుందా?

మాస్టారు: జాబితాలో కారణం ఉండదు. రెజిమెంటు, తేదీ పట్టుకుని లండన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లోని యుద్ధ డైరీలు, అంటే దళాలు ఏ రోజుకారోజు రాసిపెట్టిన పుస్తకాలు చూడాలి. అక్కడా అధికారులకే పేర్లు, మనవాళ్ళు ‘ముగ్గురు సిపాయిలు’. ఒక్కోసారి గుండు దెబ్బకి కాదు, జబ్బుతో పోయి ఉంటారు. అది విని ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నాకైతే తేడా లేదు. వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, కూలి దళాలవాళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నారు, మా రాయి మీదా ఉంటారు. ‘వాళ్ళు సైనికులా?’ అని ఒక పెద్దమనిషి అడిగాడు. ఆయన పెట్టాలనుకున్న పేరు కూడా వంటవాడిదే అని చూపించాను.

హోస్ట్: (నవ్వు) ఆ తర్వాత?

మాస్టారు: చందా రాసి వెళ్ళాడు.

హోస్ట్: వినేవాళ్ళు ఇంట్లో ఏం చూడాలంటారు?

మాస్టారు: పాత పింఛను కాగితాలు, ఉత్తరాలు. మొదటి యుద్ధం నాటి వెండి పతకం, రాజు బొమ్మది, ఉంటే దాని అంచు చూడండి. నంబరు, పేరు, రెజిమెంటు అచ్చు వేసి ఉంటాయి. కొన్ని ఇళ్ళలో కరిగించి పట్టీలు చేయించేశారు, ఏం చేస్తాం. మిగిలి ఉంటే మాత్రం చింతపండు పెట్టి తోమకండి, ముందు అంచుని ఫోటో తీయండి. అక్షరాలు ఇప్పటికే సగం అరిగి ఉంటాయి.