మూతపడ్డ మిల్లు పదో తరగతి పాఠమా, రాజకీయమా? (స్టూడియో చర్చ)

(రాత్రి 9 గంటల కార్యక్రమం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంతే రాశాను. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: ఒక ప్రభుత్వ హైస్కూల్ సోషల్ టీచర్ పదో తరగతి పిల్లల్ని మూతపడ్డ మిల్లు గేటు దగ్గరికి తీసుకెళ్లి, పాత కార్మికులతో మాట్లాడించి, ప్రాజెక్టు రాయించారు. కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆ టీచర్‌కి మెమో వచ్చింది. ఈరోజు అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. టీచర్ గారూ, ముందు మీరు.

టీచర్: మెమో అందుకున్నది నేను కాదండీ. కానీ అదే పాఠం నేనూ చెబుతాను. మన పదో తరగతి సోషల్‌లో ‘ఉత్పత్తి, ఉపాధి’ ఉంది. వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు, కొన్ని పట్టికలు. పిల్లలు బట్టీ పడతారు. నేను నోట్‌బుక్‌లో మూడు గడులు గీయిస్తాను. తాత, నాన్న, అన్న. ఎవరు ఏం పని చేశారు, పీఎఫ్ ఉందా, సెలవు పెడితే జీతం కోసేవారా...

మాజీ యూనియన్ నాయకుడు: మేడమ్, గడులు తర్వాత. ముందు మిల్లు ఎవరు మూయించారో చెప్పాలి పిల్లలకి! బోధన్ నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్నారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతిలో పెట్టారు. 2015 డిసెంబర్‌లో గేటుకు తాళం. ఇది చరిత్ర కాదా?

యాంకర్: సర్, మీరు పని చేసిన మిల్లు...

మాజీ యూనియన్ నాయకుడు: దాని పేరు చెప్పను. కేసు నడుస్తోంది. వరంగల్ ఆజంజాహీ మిల్లు తీసుకోండి. 1934లో నిజాం పెట్టింది...

యాంకర్: సర్, ఒక్క నిమిషం. నా ప్రశ్న వేరే. ఏఐ వచ్చేసిన రోజుల్లో పాత మిల్లు గేటు చూపిస్తే పిల్లలకి వచ్చేది నిరాశే కదా? పేరెంట్స్ తరఫున మేడమ్.

పేరెంట్: నాకు పాఠం మీద కోపం లేదు. మా బాబు ఇంటికొచ్చి, ‘నాన్న కంపెనీ కూడా మూసేస్తారా’ అని అడిగాడు. మా ఆయనది కాంట్రాక్టు. ఏటా రెన్యువల్ దగ్గర పడితే ఇంట్లో టెన్షనే. ఆ ప్రశ్నకి నేనేం చెప్పాలి?

మాజీ యూనియన్ నాయకుడు: నిజం చెప్పండమ్మా!

పేరెంట్: నిజం చెప్పాక వాడు రాత్రి నిద్రపోవాలి కదండీ.

యాంకర్: అదే నేనంటున్నది. నిరాశ! ప్రొఫెసర్ గారూ?

ప్రొఫెసర్: ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. మిల్లు మూతపడటం ఒకటి. పరిశ్రమ నడుస్తూనే ఉద్యోగాలు తగ్గడం ఇంకొకటి. సింగరేణి చూడండి. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేల దరిదాపు. బొగ్గు మాత్రం అప్పటికి మూడింతల పైనే. ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే గనులు, యంత్రాలు, కాంట్రాక్టు పని...

మాజీ యూనియన్ నాయకుడు: కాంట్రాక్టు! చూశారా, ఆయనే ఒప్పుకున్నారు.

ప్రొఫెసర్: నేను ఒప్పుకోవడం కాదు, లెక్క చెబుతున్నా. ఇంకో లెక్క. రైతు కొడుకు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు ఆఫీసుకి వెళ్తుందన్నట్టు చెబుతాం మనం. కేంద్రం కార్మిక సర్వేలో వ్యవసాయం మీద ఆధారపడ్డ పనివాళ్లు 2018-19లో 42.5 శాతం. 2023-24కి 46.1. ఆ ఏళ్లలో జనం పొలానికి తిరిగి వెళ్లారు. తయారీ రంగం 11 శాతం చుట్టే తిరుగుతోంది. టీచరమ్మ గడుల్లో ‘అన్న’ గడి దగ్గర పిల్లవాడు ఆగిపోయేది ఇక్కడే...

టీచర్: అవునండీ, మా క్లాసులో సరిగ్గా...

యాంకర్: ఏఐ గురించి ఎవరూ మాట్లాడటం లేదు!

మాజీ యూనియన్ నాయకుడు: ఏఐ ఎందుకండీ? ఆల్విన్‌ని ఏఐ మూసిందా? ఆల్విన్ ఫ్రిజ్, ఆల్విన్ వాచీ, ఆల్విన్ బస్సు బాడీ. ఇప్పుడు మిగిలింది కాలనీ పేరు! ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్? బస్టాపు పేరు!

ప్రొఫెసర్: ఐడీపీఎల్ మంచి ఉదాహరణే, కానీ మీరు చెప్పే పద్ధతిలో కాదు. అంజిరెడ్డి గారు అక్కడ పని చేశాకే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ మందుల పరిశ్రమకి ఆ ఫ్యాక్టరీయే బడి. సంస్థ పడిపోయినా అక్కడ నేర్చిన పని బతికింది. పిల్లలకి ఇదీ చెప్పాలి.

మాజీ యూనియన్ నాయకుడు: నేర్పింది ఎవరి డబ్బుతో? జనం డబ్బుతో! లాభం ఎవరికి? చెప్పండి, ఎవరికి?

(ముగ్గురూ ఒకేసారి. ‘భూములు’, ‘బాలానగర్’, ‘గజం రేటు’ అన్న మాటలే తెలిశాయి. రెండు నిమిషాలు బాలానగర్ స్థలాల ధరల మీదే గడిచింది. ఎవరి అపార్ట్‌మెంటో కూడా మధ్యలోకి వచ్చింది.)

యాంకర్: మళ్లీ పాఠానికి వద్దాం. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చి మళ్లీ నడిచింది. పిల్లలకి ఇలాంటి పాజిటివ్ కథ చెప్పొచ్చు కదా?

టీచర్: చెబుతామండీ. కానీ ఆగిన నాలుగేళ్లు కాగజ్‌నగర్‌లో ఇళ్లు ఎలా గడిచాయన్నదీ అదే పాఠంలో భాగం. తిరిగి తెరిచాక పాతవాళ్లలో ఎవరిని తీసుకున్నారు, ఎంత జీతానికి అని పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్నలు మేం నేర్పక్కర్లేదు. మా స్కూల్లో ఒకమ్మాయి వాళ్ల తాత పాత పే స్లిప్పు తెచ్చింది. అందులో...

మాజీ యూనియన్ నాయకుడు: పే స్లిప్పు! అదీ మాట! మా రోజుల్లో పే స్లిప్పు, క్యాంటీన్, క్వార్టర్, బోనస్. ఇప్పుడు బండి నీది, పెట్రోలు నీది, ఫోను నీది. ఆర్డరు మాత్రం కంపెనీది. మళ్లీ ఆ డెలివరీ కుర్రాడు వర్కర్ కాదట, పార్ట్‌నరట! దీన్ని పాఠంలో పెట్టమనండి, నేనొచ్చి ఉచితంగా చెబుతా.

పేరెంట్: మీరొస్తే అది పాఠం కాదు, మీటింగు.

(నవ్వులు. యాంకర్ కూడా నవ్వారు. నాయకుడు నవ్వలేదు.)

మాజీ యూనియన్ నాయకుడు: మీటింగుల్లోనే నేర్చుకున్నామమ్మా మేము, ఎనిమిది గంటల పని అంటే ఏంటో!

ప్రొఫెసర్: ఒక్క మాట. తప్పంతా ప్రైవేటీకరణది అన్నా, తప్పంతా యూనియన్లది అన్నా పిల్లవాడికి ఉపయోగం లేదు. పాత యంత్రాలు, దిగుమతి సరుకు, అప్పులు, చెరకు రాని సంవత్సరాలు... కారణాలు పక్కపక్కన పెట్టి తూచడం నేర్పాలి.

మాజీ యూనియన్ నాయకుడు: తూచింది చాలు సార్! ముప్పై ఏళ్లు తూచారు!

యాంకర్: టైమ్ అయిపోతోంది. టీచర్ గారూ, ఆ పే స్లిప్పులో ఏముంది, పది సెకన్లలో...

టీచర్: అందులో కోతల పట్టీలో ఒక లైను...

మాజీ యూనియన్ నాయకుడు: నేను చెబుతా ఏముంటుందో! పీఎఫ్, ఈఎస్ఐ, సొసైటీ అప్పు, పండగ అడ్వాన్సు. నాకు తెలియదా?

యాంకర్: వెరీ గుడ్ పాయింట్ సర్. ఏఐ యుగంలో మూతపడ్డ మిల్లులు పాఠం కావాలా, వద్దా? మీ జవాబు ‘ఎస్’ లేదా ‘నో’ అని పంపండి. చిన్న విరామం.

మాజీ యూనియన్ నాయకుడు: విరామం తర్వాత నేనే మొదలుపెడతా, రాసుకోండి.